అటునుంచి ఇటు

పలమనేరు దాటినాక దోవ రెండుసార్లు తప్పినాం.
టమేటా పెట్టెల లారీ వెనక మా బాడుగ కారు,
ముందు సీట్లో మోకాళ్ళు మడిచిపెట్టుకుని
ఫిన్లాండు నుంచి వచ్చిన పాస్టరు.
ఆయన పేరు ఈరో.
"ఈరో వచ్చినాడు, ఈరో వచ్చినాడు" అని
పిలకాయలు కారు వెంట పడితే
పాలక్యాను ముసలాయన సైకిలు ఆపి
ఏ సినిమాలో అని అడిగినాడు.

నేను పరంజ్యోతి టీచర్ని.
బడికి సెలవు పెట్టి
ఐదు రోజులకి నోరు బాడుగకిచ్చినాను.
పదిహేనేండ్లుగా ఇదే పని,
దొరల మాట దోసిట్లో పట్టుకొచ్చి
మావాళ్ళ చెవుల్లో పోయడం.
దోవలో కొంత కారిపోతుంది.
ఎవరూ లెక్క అడగరు.

ఈయనకీ ఇంగ్లీషు సొంతం కాదు.
ఎరువు గుడ్డలు కట్టుకున్న ఇద్దరం
ఒకే పెండ్లికి వచ్చినట్టుండాది.

సోమవారం బంగారుపాళ్యంలో ముప్పైమంది.
బంతిపూల దండకి ఆయన తుమ్మిన తుమ్ములు
నేను తెలుగు చెయ్యలేదు.
ప్రసంగం ఒకటే:
చిన్నప్పుడు నాయన చెయ్యి పట్టుకుని
గడ్డకట్టిన సరస్సు మీద నడిచిన కథ.
సరస్సుని చెరువన్నాను.
చెరువంతా ఐసు ఫ్యాక్టరీ అనుకోండి అన్నాను.
వెనక వరసలోంచి ఒకాయన లేచి
"ఈయన కూడా నీళ్ళ మీద నడిచినాడా!" అని
రెండు చేతులూ జోడించినాడు.
ఏమంటున్నాడని దొర అడిగినాడు.
బాగుందంటున్నాడని చెప్పినాను.

బుధవారం చింతమాకులపల్లె.
రేకుల షెడ్డు, కరెంటు లేదు,
గోడకి పోయినేడు క్రిస్మసు రంగుకాగితాలు.
ఏడుమంది. చంకలో బిడ్డతో ఎనిమిది.
రాత్రి ఏనుగులు చెరుకులో దిగినాయంట,
తక్కినోళ్ళంతా ఫారెస్టు ఆఫీసు ముందర కూర్చోనుండారు.
దేవసహాయం అయ్యగారు సిగ్గుతో
ఖాళీ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి మూలకి పెడతాంటే
దొర ఫైలు మూసేసినాడు.
చాప మీద కూర్చున్నాడు, కాళ్ళు ఎట్ల పెట్టుకోవాలో తెలీక.

అప్పుడు చెప్పినాడు.
జనవరిలో భార్య పోయిందంట.
నేల రాయి మాదిరి గడ్డకట్టి
గుంతకి గడ్డపార దిగలేదంట.
రెండు దినాలు నిప్పుపెట్టి కరిగించినారంట.
ఆ ఇంట్లో గడియారం చప్పుడు ఎక్కువైందని
ఇంతదూరం వచ్చినాడంట.
ఒక్క మాట కారిపోనీకుండా
అంతా చెప్పినాను.

ఎవరూ ఆమెన్ అనలేదు.

రేషన్ కార్డులో మునిలక్ష్మి, సంఘం రిజిస్టరులో మార్తమ్మ,
గోడకి ఆనుకున్న మనిషి ముందుకు జరిగింది.
ఆమె మొగుడు ఊరందరికీ గుంతలు తవ్వినోడు.
కూలి చేతికివ్వరు,
దూరం నుంచి మట్టిలోకి విసిరేవాళ్ళు,
ఆయన వెతికి ఏరుకునేవాడు.
"అడుగు టీచరమ్మా," అనింది,
"ఆ గుంత తవ్వినోళ్ళకి అన్నం పెట్టినాడా?"

పదిహేనేండ్లలో మొదటిసారి
మాట ఇటునుంచి అటు పోవాల.
నా ఇంగ్లీషు వెనక్కి నడవడం మరిచిపోయినట్టుంది.
గుంత అన్నాను, తవ్వినోళ్ళు అన్నాను,
అన్నం దగ్గర నిలబడిపోయినాను.
బువ్వ కలిపి నోటికి పెట్టినట్టు చేత్తో చూపించినాను.

ఆయన చాలాసేపు నేలవైపు చూసినాడు.
ముగ్గురు వచ్చినారు, అన్నాడు.
వంటింట్లో కూర్చోబెట్టినాను.
కాఫీ ఇచ్చినాను. రొట్టె,
ఆమె చేసి దాచిపెట్టిన పండ్ల జామూ.
అదే ఆఖరి సీసా.

చెప్పినాను.
మార్తమ్మ తల ఊపింది.
"అయితే సరే," అనింది.
లేచి, ఆయన నెత్తిన చెయ్యి పెట్టి
మోకాళ్ళ నొప్పులు పోవాలనీ
వండిపెట్టే దిక్కొకటి ఉండాలనీ
ప్రార్థన చేసింది.
కొంగులోంచి బెల్లం అచ్చు తీసి
ఆయన చేతిలో, చేతిలోనే, పెట్టింది.

కార్లో అడిగినాడు, ప్రార్థనకి ముందు ఆమె అన్నదేమని.
అయితే సరే.
రెండు మాటలు.
పలమనేరు బస్టాండు దాకా వెతికినాను.

గురువారం చిత్తూరులో నాలుగొందలమంది.
మైకు, ఫ్యాన్లు, ఫ్లెక్సీలో ఆయన ఫోటో.
మళ్ళీ అదే సరస్సు, అదే నాయన చెయ్యి.
చెరువన్నాను. గడ్డకట్టింది అనబోయి
ఆగిపోయినాను.
ఆయన నావైపు తిరిగినాడు.
మైకులో కొంచెంసేపు
ఫ్యాన్ల గాలి మాత్రమే వినిపించింది.